చెట్టు నుంచి చట్టం దాకా: అమెరికా పర్యావరణ ఉద్యమం నడిచిన దారి

1969 జూన్ 22న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో కయహోగా నది తగలబడింది. నీళ్ళ మీద పేరుకున్న నూనె తెట్టు, చెత్తా చెదారం అంటుకుని మంటలు రెండు రైలు వంతెనల దాకా ఎగిశాయి. అరగంట తిరక్కుండానే అగ్నిమాపక దళం వాటిని ఆర్పేసింది. నష్టం సుమారు 50 వేల డాలర్లు. ఎవరో ఒకరు కెమెరా పట్టుకొచ్చేలోపే అంతా అయిపోయింది. ఆగస్టులో టైమ్ పత్రిక ఆ నది దుస్థితి మీద రాసినప్పుడు వేసిన మంటల ఫొటో ఆ ఏడాదిది కాదు, 1952లో అదే నది మీద లేచిన మంటలది.

ఆ 1952 అగ్నిప్రమాదం ఇంకా పెద్దది. నష్టం 10 లక్షల డాలర్లు దాటింది. 1912లో అయితే ఐదుగురు చనిపోయారు. 1868 నుంచి లెక్కేస్తే ఆ నదికి నిప్పంటుకున్న సందర్భాలు పదికి పైనే ఉన్నాయి. అప్పుడెప్పుడూ దేశం కదల్లేదు. నది మురికిగా ఉందంటే ఫ్యాక్టరీలు నడుస్తున్నాయని, ఇంటికి జీతాలు వస్తున్నాయని అనుకునేవాళ్ళు. మరి వాటన్నిటికంటే చిన్న మంట చరిత్రలో ఎలా నిలిచింది?

అప్పటి మేయర్ కార్ల్ స్టోక్స్ మర్నాడే విలేఖరులను వెంటబెట్టుకుని నది పొడవునా తిప్పి చూపించాడు. ఒక పెద్ద అమెరికన్ నగరానికి ఎన్నికైన తొలి నల్లజాతి మేయర్ ఆయన. నది శుభ్రం చేయడానికి 10 కోట్ల డాలర్ల బాండ్లకు నగర ఓటర్లు అంతకుముందు ఏడాదే ఒప్పుకున్నారు. డబ్బుంది, మనసుంది. కానీ నదిలోకి వ్యర్థాలు వదలడానికి ఫ్యాక్టరీలకు అనుమతులిచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, వాటిని ఆపే అధికారం నగరానికి లేదు. స్టోక్స్ ఫిర్యాదు సరిగ్గా దాని మీదే. అమెరికా పర్యావరణ చరిత్రను పార్కులు, పక్షులు, నదుల కథగా చెప్పుకోవడం అలవాటు. ఆ కథను నిజంగా ముందుకు నడిపింది మాత్రం స్టోక్స్‌కు ఎదురైన ప్రశ్నే: ఉమ్మడి నీరు, ఉమ్మడి గాలి పాడవుతుంటే నిలదీసే అధికారం ఎవరిది?

మొదట్లో ఆ ప్రశ్న లేదు. అందమైన చోట్లను కాపాడుకోవాలన్న కోరిక ఉండేది. అంతర్యుద్ధం నడుస్తుండగానే 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ యోసెమిటీ లోయను, మారిపోసా సెకోయా వనాన్ని ప్రజల విహారం కోసం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించే చట్టం మీద సంతకం చేశాడు. 1872 మార్చి 1న ఎల్లోస్టోన్ తొలి జాతీయ పార్కు అయింది. 1892లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్, మరికొందరు కలిసి సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘం పెట్టారు. ఇవి గొప్ప పనులే. అయితే ‘మనిషి అడుగు పడని ప్రకృతి’ అని అప్పటివాళ్ళు మురిసిపోయిన చోట్ల తరతరాలుగా మనుషులున్నారు. యోసెమిటీలో అవానీచీ ప్రజల ఊళ్ళను 1851లో సాయుధ దళం తగలబెట్టి వాళ్ళను తరిమింది. ఎల్లోస్టోన్‌లో గొర్రెజాతి జంతువులను వేటాడుతూ బతికిన టుకుడికా షోషోనీలకు కూడా చోటు లేకుండా పోయింది. ఈ సంగతిని అడుగున ఫుట్‌నోట్‌గా పెట్టి వదిలేయడం న్యాయం కాదు. ఎవరి మాట లెక్కలోకి వస్తుంది, ఎవరిది రాదు అనే తేడా ఈ ఉద్యమం పునాదిలోనే ఉంది. అది ఆ తర్వాత వందేళ్ళకు పైగా దాన్ని వెంటాడింది.

తొలి పెద్ద పోరాటం యోసెమిటీలోనే ఉన్న హెచ్ హెచీ అనే లోయ కోసం జరిగింది. 1906 భూకంపం, అగ్నిప్రమాదం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోకు నీళ్ళు కావాల్సి వచ్చాయి. ఆ లోయలో ఆనకట్ట కడతామని నగరం అడిగింది. అడవులనైనా నీళ్ళనైనా ఎక్కువ మందికి ఎక్కువ కాలం ఉపయోగపడేలా వాడాలన్నది అటవీ శాఖ తొలి అధిపతి గిఫర్డ్ పిన్చో వాదన. జాతీయ పార్కు అని ఒకసారి ప్రకటించాక ముట్టుకోకూడదన్నది మ్యూర్ వాదన. దేశమంతటా వందల పత్రికలు మ్యూర్ వైపు రాశాయి, జనం ఉత్తరాలు గుప్పించారు. అయినా 1913 డిసెంబర్‌లో అధ్యక్షుడు విల్సన్ సంతకంతో లోయ మునిగిపోవడం ఖాయమైంది. ఏడాది తర్వాత మ్యూర్ కన్నుమూశాడు. ఇక్కడ ఎవరి తత్వం గొప్పదన్న చర్చ చాలామంది చేశారు. నాకు ముఖ్యంగా కనిపించేది మ్యూర్ పక్షాన లేని పనిముట్టు. కోర్టుకెళ్ళే దారి లేదు. ఆనకట్టకు ప్రత్యామ్నాయాలేమిటో లెక్క చెప్పమని ప్రభుత్వాన్ని బలవంతపెట్టే చట్టం లేదు. బతిమాలడం ఒక్కటే మిగిలింది.

విషవాయువులు, రసాయనాల సంగతి ఆ తరం పెద్దగా పట్టించుకోలేదు. 1948 అక్టోబర్ చివర్లో పెన్సిల్వేనియాలోని డొనోరా అనే ఉక్కు, జింకు ఫ్యాక్టరీల ఊరిని ఐదు రోజులు పొగమంచు కప్పేసింది. పొగ పైకి పోయే దారి లేక 20 మంది చనిపోయారు, వేలమంది జబ్బుపడ్డారు. ప్రమాదం కొండల్లో, అడవుల్లో లేదని, వంటింటి కిటికీ దగ్గరికే వచ్చిందని తెలిసిన రోజులవి.

దాన్ని దేశం మొత్తానికి అర్థమయ్యేలా చెప్పింది రేచల్ కార్సన్. ప్రభుత్వ మత్స్య, వన్యప్రాణి విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసిన జీవశాస్త్రవేత్త ఆమె. 1962లో వచ్చిన ‘సైలెంట్ స్ప్రింగ్’లో డీడీటీ లాంటి పురుగుమందులు నేల నుంచి వానపాముకు, వానపాము నుంచి పిట్టకు ఎలా పాకుతాయో, ఒంటి కొవ్వులో ఎలా పేరుకుంటాయో వివరించింది. రసాయన కంపెనీలు విరుచుకుపడ్డాయి. ఆమె శాస్త్రజ్ఞానాన్నే కాదు, ఆడమనిషి కావడాన్ని కూడా వేలెత్తి చూపాయి. 1963 మేలో అధ్యక్షుడు కెనడీ శాస్త్ర సలహా సంఘం పురుగుమందుల మీద ఇచ్చిన నివేదిక ఆమె ఆందోళనను చాలావరకు సమర్థించింది. అప్పటికే రొమ్ము క్యాన్సర్‌తో ఉన్న కార్సన్ 1964 ఏప్రిల్‌లో, 56 ఏళ్ళ వయసులో చనిపోయింది. పురుగుమందులన్నీ నిషేధించమని ఆమె అడిగిందని ఇప్పటికీ కొందరు అంటారు. ఆమె అడిగింది అది కాదు. ఏం చల్లుతున్నారో, దానివల్ల ఏమవుతుందో భరించేవాళ్ళకు చెప్పి తీరాలని అడిగింది. డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పలచబడి, అమెరికా జాతీయ చిహ్నమైన తెల్లతల గద్దలు అలస్కా, హవాయి బయటున్న 48 రాష్ట్రాల్లో 1963 నాటికి 417 జంటలకు పడిపోయాయి. 1972లో డీడీటీ వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపాక కోలుకుని, 2007లో ముప్పు జాబితా నుంచి బయటికొచ్చేటప్పటికి 9,700 జంటలు దాటాయి.

ఇక అసలు మలుపు. దాని గురించి పాఠ్యపుస్తకాలు చెప్పేది తక్కువ. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన హడ్సన్ నది ఒడ్డున స్టార్మ్ కింగ్ అనే కొండ ఉంది. 1962లో కాన్ ఎడిసన్ విద్యుత్ కంపెనీ ఆ కొండను తొలిచి భారీ పంపింగ్ విద్యుత్ కేంద్రం కడతామంది. రాత్రిళ్ళు కరెంటు వాడకం తక్కువున్నప్పుడు నది నీళ్ళను కొండమీద జలాశయంలోకి తోడి, పగలు డిమాండ్ పెరిగినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయాలన్నది ప్లాను. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో నీళ్ళను వెనక్కి తోడే పద్ధతి లాంటిదే. కొండ చుట్టుపక్కలవాళ్ళు, జాలర్లు, ఆ నదిని ప్రేమించేవాళ్ళు కలిసి సీనిక్ హడ్సన్ అనే సంఘంగా ఏర్పడి అడ్డుపడ్డారు. ఇలాంటి విద్యుత్ ప్రాజెక్టులకు లైసెన్సులిచ్చే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ సంస్థ, ఫెడరల్ పవర్ కమిషన్, 1965 మార్చిలో లైసెన్సు ఇచ్చేసింది. వాళ్ళు కోర్టుకెక్కారు.

కమిషన్ వాదన సూటిగా ఉంది: మీ భూమి పోలేదు, మీ డబ్బు పోలేదు, కేసు వేయడానికి మీరెవరు? అప్పటిదాకా చట్టం ఎక్కువగా అలాగే ఆలోచించేది. సొంతానికి నష్టం జరిగినవాడే కోర్టు గుమ్మం ఎక్కాలి. 1965 డిసెంబర్ 29న అప్పీళ్ళ కోర్టు ఆ గుమ్మాన్ని వెడల్పు చేసింది. ఒక చోటి అందం మీద, ప్రకృతి రక్షణ మీద, విహారం మీద ప్రత్యేకమైన శ్రద్ధ చూపిస్తూ వచ్చినవాళ్ళు కూడా నష్టపోయినవాళ్ళ కిందికే వస్తారంది. అంతటితో ఆగలేదు. ఎదురెదురు పక్షాలు బంతి విసిరితే అంపైర్‌లా అటో ఇటో తీర్పు చెప్పి ఊరుకోవడం కమిషన్ పని కాదని, ప్రజల తరఫున తానే పూనుకుని ప్రత్యామ్నాయాలు వెతకాలని చెప్పింది. నదిలో గుడ్లు పెట్టే చారల బాస్ చేపలకు ఏమవుతుందో కూడా చూడమంది. లైసెన్సు రద్దయింది. పోరు ఇంకో పదిహేనేళ్ళు సాగి, 1980లో ఒప్పందంతో కంపెనీ ప్రాజెక్టును వదులుకుంది. స్టార్మ్ కింగ్ కొండ ఈరోజూ చెక్కుచెదరకుండా ఉంది.

హెచ్ హెచీకీ స్టార్మ్ కింగ్‌కూ మధ్య అర్ధశతాబ్దం. ప్రకృతి మీద ప్రేమ రెండు చోట్లా ఒక్కటే, వాక్చాతుర్యం కూడా ఉంది. రెండోసారి కోర్టులో నిలబడే హక్కు తోడైంది. అదే రోజుల్లో లాంగ్ ఐలాండ్‌లో కొందరు శాస్త్రవేత్తలు దోమల నివారణకు డీడీటీ చల్లుతున్న స్థానిక సంస్థ మీద కేసు వేశారు. అందులోంచే 1967లో ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ ఫండ్ అనే పర్యావరణ సంస్థ పుట్టింది. స్టార్మ్ కింగ్ లాయర్ల పని నుంచి 1970లో ఇంకో పెద్ద సంస్థ, నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ వచ్చింది.

1969 జనవరి 28న కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా తీరంలో యూనియన్ ఆయిల్ కంపెనీ బావి పేలి లక్ష బ్యారెళ్ళకు అటూఇటుగా ముడిచమురు సముద్రంలో కలిసింది. నూనెలో మునిగిన పక్షుల బొమ్మలు రోజూ సాయంత్రం టీవీలో వచ్చాయి. ఆ ఏడాది చివరికి అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, జాతీయ పర్యావరణ విధాన చట్టాన్ని ఆమోదించింది. 1970 జనవరి 1న అధ్యక్షుడు నిక్సన్ దాని మీద సంతకం చేశాడు. నాలుగైదు పేజీల చట్టం. ఫెడరల్ ప్రభుత్వం ఏ పెద్ద పని తలపెట్టినా దాని ప్రభావమేమిటి, వేరే దారులేమిటి అని వివరంగా రాసి ముందే బయటపెట్టాలన్నది దాని ప్రాణం. అణుశక్తి కమిషన్ దీన్ని కాగితం మీద తంతుగా తీసుకుంది. 1971లో కాల్వర్ట్ క్లిఫ్స్ అణువిద్యుత్ కేంద్రం కేసులో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు గట్టిగా తలంటాక, అది తంతు కాదని అన్ని శాఖలకూ తెలిసింది. మన దేశంలో 1994లో వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ మూలాలు కూడా ఈ చట్టం తెచ్చిన ఆలోచనలోనే ఉన్నాయి.

1970 ఏప్రిల్ 22 తొలి ధరిత్రీ దినోత్సవం. విస్కాన్సిన్ సెనేటర్ గేలార్డ్ నెల్సన్ ఆలోచన, పాతికేళ్ళ కుర్రాడు డెనిస్ హేస్ నిర్వహణ. రెండు కోట్ల మంది పాల్గొన్నారని అంచనా, అంటే జనాభాలో పదో వంతు. ఇది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది ఆ శరదృతువులో జరిగింది. ఆ నిర్వాహకుల బృందం పర్యావరణ విషయంలో చెడ్డ రికార్డున్న 12 మంది కాంగ్రెస్ సభ్యుల పేర్లు ప్రకటించి వాళ్ళ ఓటమికి ప్రచారం చేసింది. ఏడుగురు ఓడిపోయారు. ప్రజా పనుల కమిటీ అధ్యక్షుడు కూడా వాళ్ళలో ఒకడు. వాషింగ్టన్‌లో టెన్షన్ మొదలైంది అక్కడే. 1970 డిసెంబర్ 2న పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఈపీఏ, పని మొదలుపెట్టింది. అదే నెలాఖరున స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. సెనేట్‌లో ఓట్లు 73–0. నిక్సన్ ప్రకృతి ప్రేమికుడేమీ కాదు. 1972 ఎన్నికల్లో తన ప్రత్యర్థి కాగల సెనేటర్ ఎడ్మండ్ మస్కీకి ఈ అంశాన్ని వదిలేయకూడదని లెక్క వేసుకున్నాడు. ఖర్చు ఎక్కువని 1972లో స్వచ్ఛ జల చట్టాన్ని ఆయన వీటో చేస్తే, 24 గంటల్లోనే రెండు సభలూ దాన్ని తోసిపుచ్చాయి. 1973లో అంతరించే జీవుల చట్టం వచ్చింది.

స్వచ్ఛ గాలి చట్టంలో కార్ల పొగను 90 శాతం తగ్గించాలన్న నిబంధన గురించి చాలా రాశారు. అది నిజంగానే గొప్పది. దానివల్ల 1975 మోడల్ కార్లకు పొగలోని విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది, కన్వర్టర్ సీసాన్ని భరించలేదు కాబట్టి సీసం లేని పెట్రోలు వచ్చింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో పిల్లల రక్తంలో సీసం 90 శాతానికి పైగా తగ్గింది. కానీ దాని పక్కనే ఉన్న ఇంకో సెక్షన్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు. చట్టం ఉల్లంఘిస్తున్న ఫ్యాక్టరీ మీద గానీ, విధి నిర్వర్తించని ఈపీఏ మీద గానీ 60 రోజుల నోటీసు ఇచ్చి ఏ పౌరుడైనా కేసు వేయొచ్చని అది చెప్పింది. ప్రభుత్వం నిద్రపోతే చట్టమూ నిద్రపోకుండా చూసే ఏర్పాటు. భారత పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో సెక్షన్ 19 చూస్తే అదే 60 రోజుల నోటీసు కనిపిస్తుంది.

ఇంత చేసినా, ఎవరి పెరట్లో విషం పడుతోందన్న సంగతి మిగిలే ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా ఫాల్స్ పట్టణంలోని లవ్ కెనాల్‌లో హుకర్ కెమికల్ కంపెనీ 1940ల నుంచి సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని స్కూల్ బోర్డుకు ఒక్క డాలరుకు అమ్మింది. దాని మీద బడి, చుట్టూ ఇళ్ళు వెలిశాయి. కొడుకు జబ్బుపడ్డాక లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించింది. ఆడవాళ్ళు వంటింట్లో కూర్చుని రాసుకున్న లెక్కలని అధికారులు కొట్టిపారేశారు. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించక తప్పలేదు. 1980 డిసెంబర్‌లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. విషం పూడ్చినవాళ్ళతోనే శుభ్రం చేసే ఖర్చు కక్కించాలన్నది దాని సూత్రం. సూపర్‌ఫండ్ స్థలాలు అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువున్నది న్యూజెర్సీలో. అక్కడ ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు స్కూల్ రేటింగులు చూసినంత శ్రద్ధగా ఈపీఏ మ్యాపు కూడా ఒకసారి చూడాలి.

లవ్ కెనాల్ తెల్లవాళ్ళ కార్మిక వాడ. నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో ఎక్కువ మంది పేద నల్లజాతివాళ్ళు. రోడ్ల పక్కన దొంగతనంగా పారబోసిన పీసీబీ అనే విషరసాయనంతో కలుషితమైన మట్టిని అక్కడ పూడ్చాలని రాష్ట్రం నిర్ణయించింది. 1982లో ఆరు వారాల పాటు జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు, 500 మందికి పైగా అరెస్టయ్యారు. లారీలు ఆగలేదు, విషం పూడ్చేశారు. పోరాటం ఓడింది గానీ పర్యావరణ న్యాయం అనే ఆలోచన అక్కడే కాళ్ళూనింది. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ జాతి న్యాయ కమిషన్ నివేదిక, విషవ్యర్థాల కేంద్రాలు ఎక్కడ పెడతారన్నది ఆదాయం కంటే జాతిని బట్టే ఎక్కువ తేలుతోందని లెక్కలతో చూపింది. 1994లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వుతో ఫెడరల్ శాఖలన్నీ దీన్ని పట్టించుకోవాల్సి వచ్చింది. 2025 జనవరిలో ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. ఉత్తర్వు చట్టం కాదు. సంతకంతో వచ్చింది సంతకంతోనే పోయింది.

అమెరికా పర్యావరణ చరిత్రలో మన దేశానికి నేరుగా సంబంధమున్న మైలురాయి ఒకటుంది, దాన్ని తలచుకుంటే మనసు భారమవుతుంది. 1984 డిసెంబర్ 2–3 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ లీకై వేలమంది చనిపోయారు. అదే కంపెనీ అదే వాయువును వెస్ట్ వర్జీనియాలోని ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్ళో కూడా తయారుచేసేది. ఆ చుట్టుపక్కలవాళ్ళకు మా ఊళ్ళో ఏముంది అన్న భయం పట్టుకుంది. 1985 ఆగస్టులో ఆ ఫ్యాక్టరీలోనూ విషవాయువు లీకై 130 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 1986 అక్టోబర్‌లో అత్యవసర ప్రణాళిక, ప్రజల సమాచార హక్కు చట్టం వచ్చింది. ఏ ఫ్యాక్టరీ ఏ విషరసాయనాన్ని గాలిలోకి, నీటిలోకి, నేలలోకి ఏటా ఎంత వదులుతోందో లెక్క చెప్పాలి. ఆ లెక్కను ప్రభుత్వం అందరికీ కంప్యూటర్‌లో అందుబాటులో పెట్టాలి. ఇంటర్నెట్ ఇళ్ళలోకి రాకముందు రాసిన మాట ఇది.

ఎంత వదలాలో ఆ చట్టం చెప్పలేదు, ఎంత వదులుతున్నారో చెప్పమంది, అంతే. అయినా తొలి లెక్కలు ఇవ్వాల్సిన వేళకే, 1988లో, మోన్శాంటో కంపెనీ తన విషవాయు ఉద్గారాలను 90 శాతం తగ్గిస్తానని ప్రకటించింది. పేరు బయటికొస్తుందన్న వెరపు చేసిన పని అది. ఈ చట్టం తేవడానికి కారణమైన భోపాల్ ప్రజలకు మాత్రం న్యాయం దక్కలేదు. 1989లో 47 కోట్ల డాలర్ల ఒప్పందంతో కంపెనీ చేతులు దులుపుకుంది, అమెరికా కోర్టులు తమ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఒకచోటి చావులు ఇంకోచోట రక్షణ చట్టమయ్యాయి. వెస్ట్ వర్జీనియా జనానికి దక్కిన సమాచారం భోపాల్ బస్తీలకు ఆనాడు ఉండి ఉంటే, తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని గాలికి అడ్డంగా నడవమని చెప్పేవాళ్ళయినా ఉండేవాళ్ళు.

అడిగే హక్కుకు చెడ్డ వాడకమూ ఉంది, దాన్ని దాచక్కర్లేదు. మసాచుసెట్స్ తీరాన సముద్రంలో పవన విద్యుత్ కోసం 2001లో ప్రతిపాదించిన కేప్ విండ్ ప్రాజెక్టును తీరంలో బంగళాలున్న ధనికులు కేసుల మీద కేసులతో నలిపేశారు. 2017లో కంపెనీ విరమించుకుంది. స్టార్మ్ కింగ్ తెరిచిన గుమ్మం నుంచే వాళ్ళూ వచ్చారు. లాయర్లను పెట్టుకోగలిగినవాడికే ఈ హక్కు ఎక్కువ పనికొస్తుందన్న విమర్శ వారెన్ కౌంటీవాళ్ళ నోట వస్తే కాదనలేం. దానికి మందు పేదవాడికి లాయర్‌ను ఇవ్వడం, గడువులు పెట్టడం. గుమ్మం మూసేయడం కాదు.

వాతావరణ మార్పు దగ్గరికొచ్చేసరికి పాత బలం సగం సన్నగిల్లింది. 1970లో 73–0తో గాలి చట్టం చేసిన అదే సెనేట్, భారత్, చైనా లాంటి దేశాలకు బాధ్యత లేని వాతావరణ ఒప్పందం వద్దని 1997లో 95–0తో తీర్మానించింది. చమురు, బొగ్గు ప్రయోజనాలు, పార్టీల మధ్య గోడలు, కంటికి కనిపించని వాయువు, అన్నీ కలిసి పనిచేశాయి. 2007లో మసాచుసెట్స్ రాష్ట్రం వేసిన కేసులో సుప్రీంకోర్టు 5–4తో కార్బన్ డయాక్సైడ్ కూడా గాలి చట్టం కింద కాలుష్యకారకమే అంది. సముద్రమట్టం పెరిగి తీరం కోల్పోతున్న రాష్ట్రానికి కోర్టుకొచ్చే హక్కు ఉందంది. అదీ స్టార్మ్ కింగ్ వారసత్వమే. 2022లో 6–3తో విద్యుత్ కేంద్రాల మీద ఈపీఏ అధికారాన్ని అదే కోర్టు కుదించింది. అదే ఏడాది శుద్ధ ఇంధనానికి భారీ రాయితీలిచ్చిన చట్టం ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా లేకుండా గట్టెక్కింది. 2025 మేలో 1970 నాటి పర్యావరణ విధాన చట్టం కింద శాఖలు ఎంతవరకు పరిశీలించాలన్న పరిధిని సుప్రీంకోర్టు బాగా తగ్గించింది.

వాషింగ్టన్‌లో ఇరుకైన దారి ఇప్పుడు రాష్ట్రాల్లో తెరుచుకుంటోంది. మోంటానా 1972లో రాసుకున్న రాజ్యాంగం శుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని హక్కుగా చెప్పింది. బొగ్గు, చమురు ప్రాజెక్టులకు అనుమతులిచ్చేటప్పుడు వాతావరణం మీద ప్రభావం చూడొద్దని ఆ రాష్ట్రమే చట్టం చేస్తే, 16 మంది పిల్లలు, యువకులు 2020లో కేసు వేశారు. అప్పటికి వాళ్ళలో అందరికంటే చిన్నవాడికి రెండేళ్ళు. 2023 ఆగస్టులో వాళ్ళు గెలిచారు. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. హవాయిలో 13 మంది పిల్లలు వేసిన కేసు విచారణకు రాకముందే 2024 జూన్‌లో ప్రభుత్వం రాజీకొచ్చి, రవాణా రంగం ఉద్గారాలను 2045కల్లా సున్నాకు తెస్తామని ఒప్పుకుంది. న్యూయార్క్ ఓటర్లు 2021లోనే శుభ్రమైన గాలి, నీరు హక్కని తమ రాజ్యాంగంలో చేర్చుకున్నారు. దాన్ని ఆధారం చేసుకుని ప్రభుత్వం మీద ఎంతవరకు కేసు వేయొచ్చో ఆ రాష్ట్ర కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి.